రాబందుల పంక్తిలో బ్లీచింగ్ పౌడరు

పులి చంపిన ఆవు మీద బ్లీచింగ్ పౌడరు చల్లిన మనిషి ఈ భూప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఇంకెవరైనా ఉంటే చెప్పండి, ఒక సంఘం పెట్టుకుందాం. కార్యదర్శి పదవి మాత్రం నాకే కావాలి, ఆ పని నాకు అలవాటు.

మాధవరంలో పాల కాలనీకి అవతల మేముండే అపార్ట్‌మెంటుకు కొన్నేళ్ళుగా నేనే కార్యదర్శిని. వాన వెలిస్తే చాలు, మద్రాసులో రోడ్ల అంచుల వెంట ముగ్గు గీత గీసినట్టు తెల్లగా బ్లీచింగ్ పౌడరు చల్లుతారు. డ్రైనేజీ పొంగితే చల్లు, ఎలుక చస్తే చల్లు, మంత్రిగారు వస్తున్నారంటే చల్లు. మా కాంపౌండులో దగ్గరుండి చల్లించేది నేనే. చేతికి తెల్లపొడి అంటుకుంటే గాని ఒక సమస్య తీరినట్టు నాకు అనిపించదు. ఆ చేతిని వెంటపెట్టుకుని అడవికి వెళ్ళడమే నేను చేసిన తెలివితక్కువ పని.

వెళ్ళింది మా అక్క కూతురు శరణ్య దగ్గరికి. నీలగిరులకు అవతలి వాలున, వాన తక్కువ పడే వైపు, ఒక అభయారణ్యంలో ఆమె రేంజరు. అది ఏ అభయారణ్యమో, క్యాంపు పేరేమిటో రాయకూడదని నాకు షరతు. అక్కడ రాబందుల గూళ్ళున్నాయి. జాడ తెలిస్తే కెమెరాలు మెడలో వేసుకుని జనం దిగిపోతారట. కాబట్టి దారిలో ఊళ్ళ పేర్లు చెబుతాను, ఆ తర్వాత నన్ను నమ్మి వెంట రండి. నన్ను నమ్మినవాళ్ళకు ఏమైందో చదివాక మీ ఇష్టం.

మేట్టుపాళయం బండిలో

నన్ను పంపింది మా అక్క. "పిల్ల తింటోందో లేదో ఒకసారి చూసి రారా. ఫోన్ చేస్తే ఎప్పుడూ తగలదు" అంది. రేంజరమ్మ కదా, ఎప్పుడూ రేంజిలో ఉండదు. అక్క కట్టిచ్చిన మూటలో పులిహోర, పోయే చోట పులి, మధ్యలో నేను.

ఎదుటి బెర్తులో కోటగిరి దగ్గర యూకలిప్టస్ తైలం కాచే పెద్దమనిషి కూర్చున్నాడు. నేను అడవికి వెళుతున్నానని వినగానే, రిపోర్టు ముందే చూసేసిన డాక్టరులాగా నా వైపు జాలిగా చూశాడు.

"ఒంటరిగానా సార్?"

"అవును."

"పోయిన నెల మా ఊరి పక్కన ఎలుగుబంటి" అని మొదలుపెట్టాడు. అరక్కోణం దాటే లోపల మూడు ఎలుగుబంట్లు, ఒక అడవిదున్న, రెండు చిరుతలు మా బోగీలోంచి నడిచివెళ్ళాయి. కథలన్నీ అయ్యాక సంచి విప్పి తైలం సీసా తీశాడు. సీసా నూట ఇరవై రూపాయలు. జలగకు, దోమకు, జలుబుకు, మోకాలి నొప్పికి అన్నిటికీ ఇదేనట.

"పులికి?" అని అడిగాను.

"పులికి చెప్పలేను సార్. అబద్ధం ఆడకూడదు."

ఆ నిజాయితీకి మెచ్చి రెండు సీసాలు కొన్నాను. నేను వెళ్ళిన చోట జలగలు లేవని, అది ఎండు అడవి అని తర్వాత తెలిసింది. ఆ సంగతి ఆయనకు మాత్రం ముందే తెలిసి ఉంటుంది.

కోటగిరి మలుపులు

మేట్టుపాళయంలో బస్సు మారితే కొండెక్కడం మొదలవుతుంది. ప్రతి మలుపులోనూ లోయ ఒకసారి కుడి కిటికీలోకి, ఒకసారి ఎడమ కిటికీలోకి వచ్చి నన్ను పలకరించింది. కోటగిరి బస్టాండులో టీ పదిహేను రూపాయలు, దాంతో పాటు వర్కీ. వర్కీ అంటే మన బేకరీల్లో దొరికే పఫ్‌కు దూరపు చుట్టం. లోపల కూరేమీ ఉండదు, పొరలు పొరలుగా విరుగుతుంది, సగం చొక్కా తింటుంది. టీకొట్టు ఆయన నాకు టీకి ముందే ఒక గ్లాసుడు వేడినీళ్ళు ఇచ్చాడు. చలికి ఇక్కడ అందరూ అలాగే తాగుతారట. నేను మద్రాసు అలవాటు కొద్దీ ఆ నీళ్ళతో గ్లాసు కడిగి పారబోశాను. ఆయన ఇంకో గ్లాసు ఇచ్చాడు. శుభ్రం విషయంలో నా తొందర అక్కడే మొదలైందని ఇప్పుడు అనిపిస్తోంది.

నన్ను తీసుకుపోవడానికి జీపు వచ్చింది. తోలుకొచ్చిన మారి క్యాంపులో వాచరు. వేటగాళ్ళు పెట్టే ఉచ్చులు ఏరడం, వేసవిలో మంటలు పాకకుండా గడ్డి చెక్కి బాటలు తీయడం, ఎండిన గుంటల్లో నీళ్ళు నింపడం, ఇవన్నీ వాచర్ల పనే. అడవి అంచున తెలుగు మాట్లాడే పల్లె ఒకటి ఉండడంతో మారికి తెలుగు వచ్చింది. తమిళం చొక్కా తొడుక్కున్న తెలుగు అది. జోస్యం చెప్పడం కూడా ఆయనకు వచ్చు, ఫలించడమే రాదు.

అవతలి వైపు దిగుతుంటే పచ్చదనం తగ్గి, అడవి గోధుమరంగుకు తిరిగింది. ఒక మలుపులో మారి ఇంజను ఆపేశాడు. దారికి అడ్డంగా ఏనుగులు నిలబడి ఉన్నాయి.

"అయిదు నిమిషం సార్. దాటి పోతాయి."

మద్రాసులో ఆటోవాళ్ళు తాము బతికే ఉన్నామని చెప్పడానికి హారన్ కొడతారు. ఇక్కడ హారన్ మీద చెయ్యి పెట్టడం కూడా నిషేధం. నేను ఊపిరి కూడా నిదానంగా పీల్చాను. ఏనుగుల్లో పెద్దది ఒకటి మా వైపు తిరిగి చెవులు ఆడించడం ఆపేసింది.

"చెవులు ఆపితే మంచిదా, చెడ్డదా?" అని గుసగుసగా అడిగాను.

"మంచిదే సార్" అన్నాడు మారి, జీపును మెల్లగా వెనక్కి దొర్లిస్తూ.

ఆయన అయిదు నిమిషాలు పూర్తయ్యేసరికి ఎండ కొండ దిగిపోయింది.

క్యాంపులో సంగటి

శరణ్య ఖాకీ బట్టల్లో గుమ్మం ముందు నిలబడి ఉంది. చిన్నప్పుడు బల్లిని చూసి నా భుజమెక్కిన పిల్ల.

"అమ్మ పంపిచ్చిందా, నువ్వే వచ్చినావా మామా?"

"మీ అమ్మే. నువ్వు తింటున్నావో లేదో చూసి రమ్మంది."

"నేను తింటాండా. తినాల్సినోళ్ళే వేరే ఉండారు" అంది. నవ్వలేదు. అప్పుడు చూశాను, కళ్ళ కింద నలుపు.

రాగి సంగటి, ఉలవచారు, కాల్చిన ఎండుచేప పెట్టారు. మనిళ్ళలో సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి పులుసు పోసుకుంటాం. వీళ్ళు ముద్దను పులుసులో ముంచి నమలకుండా మింగుతారు. నేనూ మింగబోయి పొలమారితే మారి వీపు మీద చరిచాడు. ఊపిరి తిరిగాక శరణ్య విషయం చెప్పింది.

ముందురోజు పల్లె పక్కన పులి ఒక ఆవును కొట్టింది. ఆవు తిమ్మక్క అనే ముసలామెది. అలాంటప్పుడు కోపంతో ఎవరో ఒకరు కళేబరంలో పురుగుమందు కలుపుతారు. పులి సంగతి అలా ఉంచి, దాన్ని తిన్న రాబందులన్నీ పోతాయి. కలపకపోతే పూడ్చిపెడతారు, ఆవు కదా, పసుపూ కుంకుమా వేసి. పూడిస్తే రాబందులకు తిండి లేదు. తిండి వెతుక్కుంటూ అభయారణ్యం దాటి పోతాయి. అక్కడి పశువులకు వాపు తగ్గడానికి వేసే ఒక సూదిమందు ఉంది. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన పశువును తింటే రాబందు బతకదు. నిషేధించారు గానీ ఎవరో ఒకరు వేస్తూనే ఉన్నారట.

"తిమ్మక్క ఆవుకు సూది అంటేనే తెలీదు మామా. శుభ్రమైన తిండి. వాగు కాడ మద్దిచెట్టు మీద ఒక జంటకి పిల్ల ఉంది. ఏడాదికి ఒకటే గుడ్డు పెడతాయి. పోయిన ఏడు పిల్ల దక్కలా. ఆ జంట ఈడ తినాల, ఆడికి పోకూడదు."

తిమ్మక్క మరిది పురుగుమందు డబ్బా తీసుకుని బయలుదేరితే ముసలామె అడ్డం నిలబడిందట. పూడ్చుకోనూ లేదు. పక్షులు తింటాయని శరణ్య ఇచ్చిన మాట మీద ఆవును అక్కడే వదిలేసింది.

"అవి దిగకపోతే?" అన్నాను.

"ఇంకోసారి నా మాట ఎవరు వింటారు?"

రాబందు అంటే 'రా, బంధూ' అని పిలిచినట్టు ఉంటుంది. పిలిస్తే వచ్చే బంధువు కాదని అక్కడ తెలిసింది.

చల్లిన చెయ్యి

మర్నాడు పొద్దున్నే అందరం ఒక పెద్ద బండ మీదికి చేరాం. అక్కడ బండను పారై అంటారు. ఎదురుగా, వాగుకు అవతల, చదునులో ఆవు పడి ఉంది. చుట్టూ ఎండిన చెట్ల మీద రాబందులు మెడలు లోపలికి లాక్కుని కూర్చున్నాయి, కరెంటాఫీసు తెరిచేదాకా ఎదురుచూసే జనంలా.

"అరగంటలో దిగుతాయి" అన్నాడు మారి.

గాలి మా వైపే వీస్తోంది. ఆ వాసన గురించి నేను రాయను. తైలం సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే రెండు వాసనలూ కలిసి మూడోది పుట్టింది. శరణ్య, తక్కిన వాచర్లు ఆ వాసనలోనే కూర్చుని బైనాక్యులర్ల లోంచి చూస్తున్నారు. వాళ్ళను చూస్తే నాకు జాలేసింది. ఏదో ఒకటి చేయాలి.

పదిగంటలప్పుడు శరణ్య పల్లెలోకి వెళ్ళింది. ఆవు దగ్గర చెట్టుకు కట్టిన కెమెరా పనిచేయడం లేదని, పులి వస్తే బొమ్మ పడదని, మారి సరిచేయడానికి బయలుదేరాడు. నేనూ వస్తానన్నాను. క్యాంపులో తాగునీళ్ళ తొట్టిలో వేసే బ్లీచింగ్ పౌడరు పొద్దున్నే నా కంట పడింది. ఒక కవరు నిండా అది నా జేబులో ఉంది. ఎందుకు తెచ్చుకున్నానని అడక్కండి. కొందరు విభూతి పొట్లం దగ్గర పెట్టుకోరా?

మారి అటు తిరిగి కెమెరా తీగలు విప్పుతున్నాడు. పులి తిన్న వైపు, తొడ దగ్గర, ఆవు తెరుచుకుని ఉంది. ఈగలు. నేను కవరు విప్పి, మా కాంపౌండు గోడ వెంట చల్లినట్టే, ధారగా, లోటు లేకుండా చల్లాను. చుట్టూ ఒక గీత కూడా గీశాను. చెయ్యి దులుపుకుంటుంటే హాయిగా అనిపించింది.

మారి వెనక్కి తిరిగాడు.

"ఏంది సార్ ఇది? పెళ్ళికూతురా, పౌడరు వేసినావు?"

"వాసన తగ్గుతుందని."

"వాసన ఎవురికి సార్ తగ్గాల?"

పైన చెట్ల మీద రాబందులు ఒక్కొక్కటే లేచాయి. గుండ్రంగా తిరుగుతూ పైకి, ఇంకా పైకి పోయి చుక్కలయ్యాయి.

కడుగుడు

శరణ్య అరవలేదు. అరిచి ఉంటే నాకు సుఖంగా ఉండేది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని బండ మీద కూర్చుంది.

"మామా, ఆ పొడి పక్షి గొంతులోకి పోతే ఏమయితుందో నాకు తెలీదు. తెలిసుంటే తిట్టేదాన్ని. తెలీదు కాబట్టి భయంగా ఉంది."

వైర్‌లెస్‌లో పశువైద్యుడితో మాట్లాడింది. పొడి పడిన చోటంతా కోసి తీసి లోతుగా పూడ్చాలి. మిగిలినదాన్ని నీళ్ళతో బాగా కడగాలి. చర్మం మందం, రాబందులు చీల్చలేవు, కాబట్టి ఇంకో చోట కోసి తెరిచి పెట్టాలి. అదయ్యాక దూరంగా పోయి కూర్చోవాలి. పక్షులు దిగుతాయా అంటే, దిగకపోవచ్చు అన్నాడట. తెలిసిన చోట ఏదైనా మారితే వాటికి అనుమానం.

కోసే పని మారిది, నీళ్ళు మోసే పని నాది. వాగులోంచి డబ్బాలు నింపి జీపుదాకా, జీపు నించి ఆవుదాకా. నలుగురు వాచర్లు కర్రలు కొడుతూ చుట్టూ నిలబడ్డారు, పులి దగ్గర్లో ఉంటే వినపడాలని. పులి వినిందో లేదో గాని నా గుండె చప్పుడు వాళ్ళకు వినపడే ఉంటుంది.

"మారీ, వాగులో మొసళ్ళున్నాయా?"

"ఉండాయి సార్. శానా పెద్దవి కాదు."

మూడో డబ్బా మొదలుకొని నీళ్ళు ముంచడంలో నా వేగం చూసి వాళ్ళే ఆశ్చర్యపోయారు.

కడుగుతుండగా తిమ్మక్క వచ్చింది. చేతిలో పలుపు, గంట. ఆవు మెడలోంచి ముందే తీసుకున్నవి. కట్టుతో పోకూడదట. ఆమె చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు.

"ఏంది సామీ, నా ఆవుకు సున్నం కొట్టినారంట?"

తెలుగు మాట వినగానే ప్రాణం లేచొచ్చి, వెంటనే మళ్ళీ కూర్చుండిపోయింది. "పొరపాటయిందమ్మా" అన్నాను.

"నీది తెలుగా? ఏ ఊరు?"

"మద్రాసు."

"తెలుగోడివై ఇట్ట చేసినావే" అంది, తమిళుడు చేస్తే పర్వాలేదన్నట్టు. మారి దగ్గాడు. ఆమె శరణ్య వైపు తిరిగింది. "బిడ్డా, పూడ్చుకుంటానంటే వొద్దంటివి. పైనోళ్ళు దిగి తీసకపోతారంటివి. పూడ్చక, తినక, ఈడ ఊరికే కుళ్ళిపోతే దాని గతేంది? మా మరిది ఇంకా డబ్బా దాచిపెట్టుకోనే ఉండాడు."

"రెండు దినాలు ఓర్చుకో అక్కా" అంది శరణ్య. ఆమె గొంతులో ఆ రెండు దినాల మీద నమ్మకం నాకు కనిపించలేదు.

ఆ రాత్రి పులి వచ్చి వెళ్ళింది. పొద్దున కెమెరాలో బొమ్మ చూపించింది శరణ్య. ఆవు మీదికి వంగి, ముక్కు ముడుచుకుని, పెదవి పైకి లాగి ఉంది పులి. అంత స్పష్టమైన అసహ్యం మా అపార్ట్‌మెంటు సర్వసభ్య సమావేశంలో తప్ప నేనెక్కడా చూడలేదు. తినకుండానే పోయింది.

పిలుపులు

మళ్ళీ బండ మీద కూర్చున్నాం. ఆకాశంలో రాబందులు చుక్కల్లా ఉన్నాయి, కిందికి రావు. శరణ్య దూరదర్శినిని ఒకసారి ఆవు వైపు, ఒకసారి మద్దిచెట్టు మీది గూటి వైపు తిప్పుతోంది. గూట్లో బూడిదరంగు తల ఒకటి లేస్తోంది, పడుతోంది. తల్లీ తండ్రీ ఇద్దరూ పైనే తిరుగుతున్నారట, ఒకదానికి రెక్కలో ఈక లేదు, అదే గుర్తు. ఉన్నట్టుండి ఆ రెండూ తూర్పుకు, అభయారణ్యం దాటే వైపుకు జరిగాయి.

మా ఇంట్లో అమావాస్యకు పిట్టగోడ మీద అన్నం పెట్టి, కాకిని పిలుస్తాం. కాకి ముట్టకపోతే ఇంటిల్లిపాదికీ గుబులు. పెద్దలకు ఏం కోపమొచ్చిందో అని, "నీ మనవడి చదువు మేం చూసుకుంటాం, నీ తోట అమ్మం" అని ఒక్కొక్కరూ పైకి చూసి మాటిస్తాం. ఏ మాటకో కాకి దిగుతుంది. అప్పుడు గాని మనం ఆకు ముందు కూర్చోం. మా నాన్న పోయినప్పుడు కాకి దిగడానికి, ఆయన పాత సైకిలు ఎవరికీ ఇవ్వనని నేను మాటివ్వాల్సి వచ్చింది. ఆ సైకిలు ఇంకా మా మెట్ల కింద ఉంది, అసోసియేషను నియమాలకు విరుద్ధంగా.

ఆ బండ మీద కూర్చుని నేను పైకి చూసి, పెదవులు కదపకుండా మాటలివ్వడం మొదలుపెట్టాను. ఇంకెప్పుడూ అడగని చోట చెయ్యి పెట్టను. నా చేతికి అందిన పొడినల్లా చల్లను. కార్యదర్శి పదవి వదిలేస్తాను. చివరిది అన్నాక ఒక అడవికాకి దిగింది.

"కాకి దిగితే రాబందు దిగినట్టే" అన్నాడు మారి. ఆయన అన్నాడంటే నాకు భయం పట్టుకుంది.

కానీ కాకి పొడిచింది, తిన్నది, చావలేదు. ఇంకో రెండు కాకులు వచ్చాయి. తూర్పుకు పోయిన చుక్కలు వెనక్కి తిరిగాయి. చాలాసేపటికి గాలి కోసుకుంటున్న చప్పుడుతో ఒక రాబందు దిగింది. రెక్కలో ఈక లేనిదే. దిగిన చోటే నిలబడి, తర్వాత పంచె ఎగ్గట్టుకుని బురద దాటే పెద్దమనిషిలా ఒక్కొక్క అడుగూ వేస్తూ ఆవు దగ్గరికి వచ్చింది. మెడ చాచింది. శరణ్య నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా.

అప్పుడు నాదస్వరం మోగింది.

మేళంతో సహా, పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు వాయించే గట్టిమేళం. బండ మీద ఒకే ఒక్క చోట సిగ్నలు వస్తుందని, శరణ్య సరిగ్గా అక్కడే కూర్చుందని, వాళ్ళమ్మ చేసే ఫోనుకు ఆ మోత పెట్టుకుందని అందరికీ ఒకేసారి తెలిసింది. రాబందు లేచింది. కాకులు లేచాయి. ఆకాశం ఖాళీ.

శరణ్య రెండు చేతులతో ఫోన్ నొక్కి పట్టుకుని, పొట్టలో దాచుకుని మాట్లాడింది. పక్కనే ఉన్నాను గనక అక్క గొంతు నాకూ వినపడింది.

"మామ బుద్ధిగా ఉండాడా? ఏదీ ముట్టుకోవడం లేదు గదా?"

"లేదమ్మా" అంది శరణ్య, నా కళ్ళలోకి చూడకుండా.

ఫోన్ ఆపేసి అందరి వైపూ తిరిగింది. "ఇది ఈ పారై దాటి పోకూడదు. ముఖ్యంగా నువ్వు మామా."

నేను తలూపాను. నవ్వొచ్చే పరిస్థితి కాదు. చీకటి పడేదాకా ఏదీ దిగలేదు. దారిలో తిమ్మక్క ఎదురుపడి, మా ముఖాలు చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

దిగినవి

తర్వాతి రోజు ఫోన్లన్నీ క్యాంపులోనే వదిలిపెట్టాం. ఎండ ఎక్కాక ఈక లేనిది వచ్చింది, వెంట దాని జంట. ఈసారి నడక లేదు, సరాసరి దిగి తలలు లోపల పెట్టాయి. వాటిని చూసి ఇంకొన్ని. రెక్కలు విప్పి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, అరుస్తూ, పంక్తిలో పక్కవాటి మీదికి ఎక్కుతూ. బండ మీద నేను తప్ప అందరూ ఊపిరి వదిలారు. నాకేమో అసలు భయం అప్పుడే మొదలైంది. కడిగాం సరే, లోపల ఎక్కడైనా మిగిలి ఉంటే? గొంతుసంచులు ఉబ్బించుకుని ఆ రెండూ వాగువైపు ఎగిరి, గూటి మీద వాలాయి. దూరదర్శినిలో పిల్ల నోరు తెరిచింది. నేను కళ్ళు మూసుకున్నాను. దాని నోట్లో పడేది నా చేతి పొడి కాకూడదు.

ఆ రోజే తిరుగు ప్రయాణం కావాల్సింది. వెళ్ళలేకపోయాను. టికెట్టు డబ్బులు పోయాయి, పోనీ.

మర్నాడు పొద్దున బండ మీదికి ఎక్కుతుంటే మారి నడుముకున్న వైర్‌లెస్ మాట్లాడింది. అవతలి వైపు గస్తీకి వెళ్ళిన వాచరు ఎవరో, "ప్లీచింగ్ పారై, ప్లీచింగ్ పారై, చేరినారా? ఓవర్" అన్నాడు.

"ఎక్కడది?" అన్నాను.

మారి సిగ్గుపడ్డాడు. "ఇదే సార్. ఈడ ఏం జరిగితే ఆ పేరు పెడతాం. ఏనుగు తరిమిన మలుపు, డ్రైవరు ఏడ్చిన వాగు. అట్టనే."

"ఎన్నాళ్ళుంటుంది ఈ పేరు?"

"డ్రైవరు ఏడ్చి ఇరవై ఏళ్ళు సార్. ఆయన పోయినాడు, పేరు పోలా."

నేను శరణ్య వైపు తిరిగాను. "నువ్వు రేంజరువి. మార్చమని చెప్పొచ్చు గదా."

"పేరు పెట్టేది వాచర్లు మామా. నేను తలదూర్చకూడదు" అంది. నాలుగు రోజుల్లో మొదటిసారి నవ్వింది, నన్ను చూసి.

ఆ నవ్వు మధ్యలోనే ఆమె చెయ్యి పైకి లేచింది. వచ్చాయి. రెండూ. ఈక లేనిది ముందు, జంట వెనక. దిగాయి, తిన్నాయి, ఒకదాన్నొకటి రెక్కతో కొట్టుకున్నాయి. నిన్న తిన్న పక్షులు ఇవాళ కొట్టుకుంటున్నాయంటే ఆరోగ్యంగా ఉన్నట్టే. వాగు అవతల గూట్లో పిల్ల మెడ చాచి అరుస్తోంది, నిన్నటి కంటే గట్టిగా. చెట్ల మాటున తిమ్మక్క నిలబడి చూస్తోంది. వెంట ఆమె మరిది, చేతిలో ఏమీ లేదు. ముసలామె చేతులెత్తి పైకి దండం పెట్టింది, పక్షులకో ఆవుకో. నేను బండ మీద కూర్చుండిపోయాను.

"క్యాంపుకు చెప్పాల" అన్నాడు మారి. ఆయన దూరదర్శినిలోంచి కన్ను తీయలేక, వైర్‌లెస్ నా చేతిలో పెట్టాడు. "ఈ బటను నొక్కి చెప్పు సార్. అన్ని క్యాంపులకూ వినపడతాది."

అన్ని క్యాంపులకూనా అని ఖాయం చేసుకున్నాను. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, సర్వసభ్య సమావేశంలో నివేదిక చదివే గొంతుతో మొదలుపెట్టాను.

"గట్టిమేళం పారై నించి మాట్లాడుతున్నాం. రాబందులు దిగినాయి. జంట క్షేమం, పిల్ల క్షేమం. మొన్న రేంజరమ్మగారి ఫోను మోగి పారిపోయినవి కూడా తిరిగొచ్చినాయి. ఓవర్."

వైర్‌లెస్‌లో గరగర మోగింది. తర్వాత ఎక్కడో ఒక కొండ వెనక నించి, నవ్వు ఆపుకుంటున్న గొంతు ఒకటి వచ్చింది.

"గట్టిమేళం పారై, సంతోషం. ఓవర్."

ఇంకో కొండ నించి ఇంకో గొంతు అదే పేరు పలికింది. శరణ్య నా వైపు చూసింది. నేను పక్షుల వైపు చూస్తూ ఉన్నాను.